అమెరికాలో క్రైస్తవ విశ్వాసం, దేశాభిమానం, విగ్రహారాధన

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో క్రైస్తవ విశ్వాసమూ దేశాభిమానమూ మొదటి నుంచీ కలిసి పెరిగాయి. దేవునికి మాత్రమే చెల్లవలసిన నమ్మకం, భయం, త్యాగం ఎక్కడ దేశానికీ, దాని జెండాకూ, సంపదకూ మళ్లిపోతున్నాయన్నది అక్కడి క్రైస్తవుల్లోనే పుట్టి వారినే చీలుస్తూ వచ్చిన ప్రశ్న. వేదాంతులు దీన్ని సాంస్కృతిక విగ్రహారాధన అంటారు. సామాజిక శాస్త్రజ్ఞులు ఇందులోనే రెండు ధోరణులను విడదీసి చూస్తారు. ఏ ఒక్క సంఘానికీ చెందని దేవుని పేరు మీద ప్రమాణాలు, ప్రార్థనలు, అమరవీరుల స్మారకాలు నడిపే ప్రజాజీవిత సంప్రదాయం పౌర మతం. దేశం క్రైస్తవులదనీ, చట్టంలోనూ ప్రభుత్వంలోనూ వారికే అగ్రస్థానం దక్కాలనీ కోరే రాజకీయం క్రైస్తవ జాతీయవాదం. రెండింటికీ మధ్య గీత స్పష్టంగా ఉండదు. ఒకటి మరొకదానిలోకి జారిపోయిన సందర్భాలు అమెరికా చరిత్రలో చాలా ఉన్నాయి.

బైబిలు ఆధారం

విగ్రహారాధన అనగానే పరాయి మతం గుడి గుర్తుకు రావడం సహజం. బైబిలులో ఈ విషయానికి మూలమైన ఘట్టం అలా లేదు. నిర్గమకాండం 32వ అధ్యాయంలో బంగారు దూడను పోత పోసినవాడు మోషేకు స్వయానా అన్న అయిన అహరోను. దానికి వాడిన బంగారం ఐగుప్తు బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన ఇశ్రాయేలీయుల చెవిపోగులది. దూడ ఎదుట బలిపీఠం కట్టి, మర్నాడు యెహోవాకు పండుగ అని చాటించిందీ అతడే. కొత్త దేవుడు వచ్చాడని ఎవరూ అనలేదు. పాత పేరుతోనే, పాత పూజారి చేతుల మీదుగానే పని జరిగిపోయింది. తర్వాతి కాలంలో యిర్మియా ప్రవక్త యెరూషలేము ఆలయ ద్వారం దగ్గర నిలబడి, దేవుని మందిరం మన ఊళ్లో ఉంది కాబట్టి మనకేమీ కాదన్న ధీమాను ఖండించాడు. అందుకు అతన్ని చంపాలని పట్టుబట్టినవారిలో యాజకులే ముందున్నారు.

ప్రొటెస్టెంట్ సంప్రదాయం ఈ దారిలోనే ఆలోచించింది. మార్టిన్ లూథర్ 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరిలో, మనసు దేన్ని నమ్ముకుని నిలబడుతుందో అదే ఆ మనిషికి దేవుడు అన్న అర్థంలో మొదటి ఆజ్ఞను వివరించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యానికి మతగురువుగా పనిచేసి, 1933లో నాజీ ప్రభుత్వం కొలువు తీసేయగా న్యూయార్క్ చేరిన పాల్ టిల్లిక్ దీన్ని ఆధునిక దేశాలకు అన్వయించాడు. పరిమితమైన దానికి, ముఖ్యంగా జాతికి, అపరిమితమైన విలువ కట్టడమే విగ్రహారాధన అన్నాడు. జర్మనీలో కళ్లారా చూసి చెప్పిన మాట కాబట్టి అమెరికాలో దానికి బరువు వచ్చింది.

తొలి రోజులు

1630లో మసాచుసెట్స్‌కు వలస వెళ్లిన ప్యూరిటన్ల నాయకుడు జాన్ విన్‌త్రాప్, తమ సమాజం కొండమీది పట్టణంలా లోకం కళ్లెదుట ఉంటుందని ప్రబోధించాడు. నిజానికి అది హెచ్చరిక. దేవునితో చేసుకున్న నిబంధన తప్పితే లోకమంతటా నవ్వులపాలవుతామన్నది దాని సారం. ఆ ప్రసంగం 1838 దాకా అచ్చుకే రాలేదు. ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ నాయకులు, ముఖ్యంగా రొనాల్డ్ రీగన్, దాన్ని దేశ ఘనతకు ప్రశంసగా మార్చి వాడారు. హెచ్చరిక రాలిపోయింది, పొగడ్త మిగిలింది.

అదే మసాచుసెట్స్ నుంచి బహిష్కృతుడైన రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించాడు. పాలకుడు మనస్సాక్షిని శాసించరాదన్నది అతని పట్టుదల. మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుచేయడం మతం గిట్టనివాళ్ల పని అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ పోరాటంలో ముందు నిలిచినవారిలో గాఢ భక్తులున్నారు. వర్జీనియాలో అనుమతి లేకుండా ప్రసంగించినందుకు జైళ్లలో పడింది బాప్టిస్టు బోధకులు. 1786 నాటి వర్జీనియా మత స్వాతంత్ర్య చట్టం వెనుక థామస్ జెఫర్సన్ కలంతోపాటు వాళ్ల విన్నపాలూ ఉన్నాయి. 1787 రాజ్యాంగం ఏ పదవికీ మతపరీక్ష ఉండరాదంది. 1791లో వచ్చిన మొదటి సవరణ అధికార మతాన్ని నిషేధించింది. అయితే ఆ నిషేధం అప్పట్లో కేంద్రానికే పరిమితం. మసాచుసెట్స్‌లో చర్చికి రాష్ట్రం అండ 1833లో గానీ తొలగలేదు.

బానిసత్వం పెట్టిన పరీక్ష

దేశమూ విశ్వాసమూ ఒకటే అన్న భావానికి అత్యంత కఠినమైన పరీక్ష బానిసత్వం. మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఈ ప్రశ్న మీదే ఉత్తర, దక్షిణాలుగా చీలిపోయారు. బానిసగా పుట్టి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువడిన తన ఆత్మకథ చివర ఒక అనుబంధం చేర్చాడు. క్రీస్తు క్రైస్తవానికీ ఈ దేశపు క్రైస్తవానికీ మధ్య ఎంత దూరం ఉందంటే, ఒకదాన్ని ప్రేమించాలంటే రెండోదాన్ని ద్వేషించక తప్పదన్నది అందులోని వాదం. మనుషుల్ని వేలం వేసే గంటా, ఆరాధనకు పిలిచే గంటా ఒకదానితో ఒకటి కలిసి మోగడం విన్నవాడు ఆయన. అమెరికా క్రైస్తవంపై వెలువడిన విమర్శల్లో ఇంతకంటే లోతైనది మరొకటి లేదు. ఆ లోతుకు కారణం ఆయన విశ్వాసం లోపల నిలబడి మాట్లాడటమే.

అంతర్యుద్ధం ముగియబోతుండగా, 1865 మార్చి 4న అబ్రహాం లింకన్ రెండోసారి ప్రమాణ స్వీకారం చేస్తూ ఏడు వందల మాటల చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదివాయి, ఒకే దేవునికి మొక్కాయి, ఎవరి ప్రార్థనా పూర్తిగా నెరవేరలేదు. దేవుని ఉద్దేశాలు ఆయనవి అన్నాడు. గెలుపు ముంగిట ఉన్న పాలకుడు దేవుడు మా పక్షానే ఉన్నాడని అనకుండా నిగ్రహించుకోవడం చాలా అరుదు.

అదే 1865లో వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనం గోపురం లోపల కాన్‌స్టాంటినో బ్రుమిడి ఒక కుడ్యచిత్రం పూర్తిచేశాడు. నేలకు 180 అడుగుల ఎత్తున, ఊదారంగు వస్త్రం కప్పుకున్న జార్జి వాషింగ్టన్ మేఘాల మధ్య కూర్చుని దేవతగా పైకెక్కుతూ కనిపిస్తాడు. అటూ ఇటూ స్వేచ్ఛ, విజయం అనే దేవతలు, చుట్టూ పదమూడు తొలి రాష్ట్రాలకు గుర్తుగా పదమూడుగురు కన్యలు. అంచు వెంట మినర్వా, నెప్ట్యూన్, వల్కన్ వంటి రోమన్ దేవతలు. చిత్రం పేరే వాషింగ్టన్ దైవత్వ ప్రాప్తి. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న దేశంలో, ప్రజాప్రతినిధుల తలల మీద, ఒక మనిషిని దేవుణ్ణి చేసే బొమ్మ నూటయాభై ఏళ్లకు పైగా నిలిచి ఉంది.

నాణెం మీద దేవుడు

దేవుని మీద నమ్మకాన్ని ప్రకటించే నినాదం యుద్ధకాలపు ఆందోళన నుంచే నాణేల మీదికి వచ్చింది. 1861లో పెన్సిల్వేనియా పాస్టర్ ఒకరు, మన డబ్బు మీద దేవుని ఊసే లేదని ఖజానా కార్యదర్శి శాల్మన్ చేజ్‌కు లేఖ రాశారు. 1864లో రెండు సెంట్ల నాణెంపై ఆ మాట అచ్చయింది. 1907లో శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్ రూపొందించిన కొత్త బంగారు నాణేలను అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ నినాదం లేకుండానే విడుదల చేయించాడు. అంత పవిత్రమైన మాటను చేతులు మారే డబ్బు మీద వేయడం దైవదూషణకు దగ్గరగా ఉంటుందని ఆయన బహిరంగంగానే చెప్పాడు. భక్తి వల్లే ఆయన వద్దన్నాడు. భక్తి పేరుతోనే జనం ఆగ్రహించారు. 1908లో కాంగ్రెస్ చట్టం చేసి నినాదాన్ని నాణేల మీదికి తిరిగి తెచ్చింది.

జెండా ఎదుట

నేటికీ అమెరికా బడుల్లో పిల్లలు చెప్పే జెండా ప్రతిజ్ఞను 1892లో రాసింది ఫ్రాన్సిస్ బెల్లమీ అనే బాప్టిస్టు పాస్టర్, క్రైస్తవ సోషలిస్టు. అప్పట్లో అందులో దేవుని ప్రస్తావన లేదు. ప్రతిజ్ఞతోపాటు కుడిచేతిని జెండా వైపు చాచి వందనం చేసేవారు. హిట్లర్ కాలానికి ఆ భంగిమ నాజీ వందనంలాగే కనబడసాగింది.

1935లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే గనుల ఊళ్లో పన్నెండేళ్ల లిలియన్ గోబిటాస్, పదేళ్ల ఆమె తమ్ముడు విలియం జెండాకు వందనం చేయలేదు. వాళ్లది యెహోవాసాక్షుల కుటుంబం. జర్మనీలో వాళ్ల తోటి విశ్వాసులు హిట్లర్ వందనం నిరాకరించినందుకు అప్పటికే చిత్రహింసలు పడుతున్నారు. విలియం బడి పెద్దలకు తన చేతిరాతతో ఒక లేఖ ఇచ్చాడు: జెండాకు వందనం చేయనిది దేశం మీద ప్రేమ లేక కాదు, దేవుని మీద ప్రేమ అంతకన్నా ఎక్కువ కాబట్టి, ఆయన ఆజ్ఞ పాటించాలి కాబట్టి. సాక్ష్యంగా నిర్గమకాండం 20వ అధ్యాయాన్ని చూపించాడు. బబులోనులో రాజు నిలబెట్టిన బంగారు ప్రతిమకు మొక్కని ముగ్గురు యువకుల కథను ఆదివారం బడిలో నేర్పే దేశమది. ఇద్దరు పిల్లలు ఆ కథనే ఆచరిస్తే బడి నుంచి గెంటేసింది.

కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1940 జూన్ 3న ఎనిమిది మంది న్యాయమూర్తులు బడి పక్షాన నిలిచారు. జాతీయ ఐక్యతే జాతీయ భద్రతకు పునాది అని ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ తీర్పు రాశాడు. హార్లన్ స్టోన్ ఒక్కడే విభేదించాడు. తీర్పు వెలువడ్డ కొద్ది రోజుల్లోనే దేశమంతటా యెహోవాసాక్షుల మీద దాడులు మొదలయ్యాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వారి ప్రార్థనామందిరాన్ని తగలబెట్టారు. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో వాళ్లచేత ఆముదం తాగించారు. మూడేళ్లు దాటగానే కోర్టు మనసు మార్చుకుంది. సరిగ్గా జెండా దినోత్సవం నాడు, 1943 జూన్ 14న, వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన మరో కేసులో ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీ బలవంతపు వందనాన్ని కొట్టేసింది. రాబర్ట్ జాక్సన్ రాసిన ఆ తీర్పు అమెరికా పౌరహక్కుల చరిత్రలో శిఖరం వంటిది. ప్రధాన స్రవంతి సంఘాలు చిన్నచూపు చూసిన ఈ బృందం, పెద్ద సంఘాలు అడగడం మానేసిన ప్రశ్నను అడిగింది. ఆ ప్రశ్నకు మూల్యం పిల్లలు చెల్లించారు.

చర్చి లోపల, బలిపీఠం పక్కన జాతీయ జెండా నిలబెట్టే అలవాటు ప్రపంచ యుద్ధాల కాలంలో బలపడింది. మొదటి యుద్ధంలో, అనుమానాలకు గురైన జర్మన్ మూలాల సంఘాలకు అది విధేయత చాటుకునే మార్గం కూడా. 1942లో కాంగ్రెస్ ఆమోదించిన జెండా నియమావళి ప్రకారం చర్చిలో జాతీయ జెండా పాస్టర్‌కు కుడివైపున, అన్నిటికన్నా గౌరవప్రదమైన చోట ఉండాలి. పాటించకపోతే శిక్ష ఏమీ లేదు. ఒక్క మినహాయింపు మాత్రం ఉంది: సముద్రం మీద నౌకాదళ ఆరాధన జరిగేటప్పుడు ఓడ మీద చర్చి పతాకాన్ని జాతీయ జెండా కన్నా పైన ఎగరేయవచ్చు. నేల మీది ఆరాధనకు ఆ వెసులుబాటు లేదు.

ప్రచ్ఛన్న యుద్ధం

1950ల్లో దైవభక్తి, కమ్యూనిజం మీద వ్యతిరేకత ఒకటే అయిపోయాయి. 1954 ఫిబ్రవరి 7న వాషింగ్టన్‌లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన పాస్టర్ జార్జి డోకర్టీ, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎదురుగా కూర్చుని వింటుండగా, జెండా ప్రతిజ్ఞను మాస్కో పిల్లలు తమ జెండాకు చెప్పినా అతికిపోతుందని ప్రసంగించాడు. నాలుగు నెలలకే, జూన్ 14న, ప్రతిజ్ఞలో దేవుని పేరు చేరింది. 1956లో నాణెం మీది నినాదం జాతీయ నినాదమైంది. 1953లో మొదలైన అధ్యక్షుల ప్రార్థనా విందు ఏటేటా జరుగుతోంది. ఇదే కాలంలో వ్యాపార సంస్థలు కూడా స్వేచ్ఛా విపణిని దైవసంకల్పంగా చూపే పాస్టర్లకు ఆర్థికంగా దన్నుగా నిలిచాయని చరిత్రకారుడు కెవిన్ క్రూజ్ 2015లో సవివరంగా రాశాడు.

యూదు మేధావి విల్ హెర్‌బర్గ్ 1955లోనే ఒక విషయం పసిగట్టాడు. ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు, యూదులు ఎవరి గుడికి వాళ్లు వెళ్తున్నా, అందరూ కలిసి కొలుస్తున్నది అమెరికన్ జీవన విధానాన్నే అన్నాడు. సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బెల్లా 1967లో పౌర మతం అన్న మాటకు ప్రచారం తెచ్చాడు. ఆయన దాన్ని కొట్టిపారేయలేదు. దేశాన్ని దేవుని తీర్పు కింద నిలబెట్టగల శక్తి దానికి ఉందని, లింకన్ అందుకు నిదర్శనమని వాదించాడు. ఆ వాదనలో బలం ఉంది. పౌరహక్కుల ఉద్యమ నాయకుడైన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ, తన పిలుపు దేశాభిమానపు హద్దులు దాటినదని చెప్పినప్పుడు ఆ శక్తి కళ్లకు కట్టింది. కింగ్‌ను ఆ మాటకు పెద్ద పత్రికలు తప్పుపట్టాయి. పౌరహక్కుల సహచరుల్లోనూ కొందరు దూరమయ్యారు. దేశాన్ని దీవించే పాస్టర్‌కు శ్వేతసౌధంలో ఎప్పుడూ చోటుంటుంది. తప్పుపట్టే పాస్టర్‌కు ఏది దక్కుతుందో కింగ్ చివరి ఏడాది చెబుతుంది.

రాతి పలకలు, ఎన్నికలు

1965లో పాస్టర్లు రాజకీయాల జోలికి పోరాదని పౌరహక్కుల ఉద్యమాన్ని ఉద్దేశించి ప్రసంగించిన పాస్టర్ జెర్రీ ఫాల్‌వెల్, 1979లో మోరల్ మెజారిటీ సంస్థను స్థాపించాడు. గర్భస్రావం, బడుల్లో ప్రార్థన, కుటుంబం వంటి అంశాల మీద వాళ్ల ఆందోళన బూటకం కాదు. లక్షలాది సామాన్య విశ్వాసుల నిజమైన కలత అది. కానీ ఆ కలత ఒక పార్టీ గెలుపోటములకు ముడిపడిన కొద్దీ, ఓటమి దేవుని ఓటమిగా, ప్రత్యర్థి దేవుని శత్రువుగా కనిపించడం మొదలైంది.

అలబామాలో 2001లో ప్రధాన న్యాయమూర్తి రాయ్ మూర్, సుమారు 2,400 కిలోల గ్రానైట్ మీద పది ఆజ్ఞలు చెక్కించి రాష్ట్ర న్యాయభవనంలో ప్రతిష్ఠించాడు. కేంద్ర కోర్టు తొలగించమన్నా వినలేదు. 2003లో రాయి తరలిపోయింది, ఆయన పదవీ పోయింది. తరలింపును అడ్డుకోవడానికి వచ్చినవాళ్లు భవనం మెట్ల మీద మోకరించి, సాష్టాంగపడి ప్రార్థించారు. ఆ తర్వాత రాయిని లారీ మీద ఊరూరా ఊరేగించారు. చెక్కిన ప్రతిమల ముందు సాగిలపడొద్దన్నది అదే రాతి మీద ఉన్న ఆజ్ఞ. 2024లో లూసియానా ప్రభుత్వ బడుల తరగతి గదులన్నిట్లో పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం చేయడంతో వివాదం మళ్లీ కోర్టులకెక్కింది.

2021 జనవరి 6న కాపిటల్ మీద దాడి చేసిన గుంపులో సిలువలూ యేసు పేరున్న జెండాలూ కనిపించాయి. కొందరు సెనేట్ సభామందిరంలోకి చొరబడి యేసు పేరిట ప్రార్థన చేశారు. 2024 మార్చిలో డొనాల్డ్ ట్రంప్ ప్రచారం చేసిన బైబిలు ధర 59.99 డాలర్లు. పరిశుద్ధ గ్రంథంతోపాటు అమెరికా రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన, జెండా ప్రతిజ్ఞ, ఒక దేశభక్తి పాట పల్లవి అన్నీ ఒకే అట్ట మధ్య కుట్టి అమ్మారు. ఏది దైవవాక్కు, ఏది మనుషుల చట్టం అన్న భేదాన్ని చెరిపేయడానికి ఇంతకంటే సూటి దారి లేదు.

ప్రతిఘటన కూడా సంఘాల లోపలి నుంచే వచ్చింది. మిన్నెసోటా పాస్టర్ గ్రెగరీ బాయిడ్ 2004లో ఎన్నికల వేళ, సిలువనూ ఖడ్గాన్నీ కలపవద్దని వరుస ప్రసంగాలు చేస్తే, ఐదు వేల మంది ఉన్న ఆయన సంఘం నుంచి సుమారు వెయ్యి మంది వెళ్లిపోయారు. 2019లో ఒక బాప్టిస్టు సంస్థ చొరవతో క్రైస్తవ జాతీయవాదాన్ని తిరస్కరించే బహిరంగ ప్రకటన వెలువడింది. ఎదుటి పక్షంలో, క్రైస్తవ జాతీయవాదమే సరైన మార్గమని స్టీఫెన్ వుల్ఫ్ 2022లో గ్రంథమే రాశాడు. అదే ఏడాది ప్యూ పరిశోధనా కేంద్రం సర్వేలో 45 శాతం మంది అమెరికా క్రైస్తవ దేశంగా ఉండాలన్నారు. 2007లో జనాభాలో 78 శాతం ఉన్న క్రైస్తవులు 2023-24 నాటికి 62 శాతానికి తగ్గారని అదే కేంద్రం లెక్క. ఈ తరుగుదల భయమే ఇప్పటి ఆవేశంలో చాలా భాగానికి మూలం.

దేశం కాని విగ్రహాలు

బ్రూస్ బార్టన్ అనే ప్రకటనల వ్యాపారి 1925లో యేసును ఆధునిక వ్యాపారానికి ఆద్యుడిగా చిత్రిస్తూ రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. వార్నర్ సాల్‌మన్ 1940లో గీసిన, తెల్లని మేనిఛాయ గల క్రీస్తు చిత్రం యాభై కోట్లకు పైగా ప్రతులు అచ్చయింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని జేబు కార్డుల రూపంలో సైనికులకు పంచారు. పశ్చిమాసియా యూదుడైన యేసు లోకానికి అమెరికన్ పోలికలతో పరిచయమయ్యాడు. ఆ పోలికలు తెలుగు క్రైస్తవుల ఇళ్ల గోడ క్యాలెండర్ల దాకా వచ్చాయి.

తెలుగువారితో సంబంధం

అమెరికా దేశభక్తి గీతాల్లో ప్రసిద్ధమైన ‘అమెరికా’ను 1831లో రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్, బాప్టిస్టు పాస్టర్. నెల్లూరులోని తెలుగు మిషన్‌ను మూసేయాలన్న ఆలోచన 1853లో ఆల్బనీలో జరిగిన బాప్టిస్టు మిషన్ సమావేశంలో వచ్చినప్పుడు, దాన్ని ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ కవిత రాసి నిలబెట్టిందీ ఆయనే. ఆ మిషన్ శాఖగా ఒంగోలులో జాన్ క్లౌ పనిచేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. బాప్తిస్మమిచ్చిన చేతులూ తెలుగు బోధకులవే. స్మిత్ వంటి మిషన్ పెద్దలకు దేశగీతం, సువార్త ఒకే గొంతులో ఇమిడాయి. గుండ్లకమ్మలో దిగినవారికి అమెరికా జెండాతో పనే పడలేదు. ఆ రెండూ విడిపోగలవని రుజువు చేసింది ఈ పేదలే.

ఇప్పుడు ప్రయాణం ఎదురుదిశలో సాగుతోంది. 2024 ఆగస్టులో టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో, అష్టలక్ష్మి ఆలయ ప్రాంగణంలో చిన జీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుని విగ్రహం ప్రతిష్ఠించారు. అప్పుడే కొందరు క్రైస్తవులు నిరసన తెలిపారు. 2025 సెప్టెంబరులో ఆ రాష్ట్ర రిపబ్లికన్ నాయకుడొకరు, మనది క్రైస్తవ దేశమంటూ విగ్రహంపై సామాజిక మాధ్యమంలో విరుచుకుపడ్డారు. హిందూ సంఘాలు మొదటి సవరణను గుర్తుచేశాయి. జైళ్లలో పడ్డ వర్జీనియా బాప్టిస్టులు ఆనాడు కోరింది సరిగ్గా ఆ రక్షణనే.